నట్టింగ్, డాక్‌ల నర్సింగ్ చరిత్ర: ఈ పునర్ముద్రణ కొనవచ్చునా?

మూడు దశాబ్దాలకు పైగా గుంటూరులో జి.ఎన్.ఎం. (నర్సింగ్, ప్రసూతి సేవ నేర్పే డిప్లొమా) విద్యార్థినులకు పాఠాలు చెప్పి, రెండేళ్ల క్రితం ఉద్యోగ విరమణ చేశాను. పాఠం చెప్పినన్నాళ్లూ ఒక లోటు నన్ను బాధిస్తూనే ఉండేది. మొదటి సంవత్సరంలో నర్సింగ్ చరిత్ర అనే అధ్యాయం ఒకటి వస్తుంది. పరీక్షల కోసం పిల్లలు కొనుక్కునే గైడుల్లో అది రెండున్నర పేజీలకు మించదు. క్రిమియా యుద్ధం, చేతిలో దీపంతో నైటింగేల్, 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరిట వెలసిన స్కూలు, అక్కడి నుంచి ఒక్క గెంతులో మన కాలం. ఆ స్కూలు వెలసిన తరువాతి అరవై ఏళ్లలో ఈ వృత్తికి పాఠ్యపుస్తకాలు, పత్రికలు, పరీక్షలు, రిజిస్ట్రేషన్ చట్టాలు ఎవరి కష్టం వల్ల వచ్చాయో చెప్పే పుస్తకం మా స్కూలు గ్రంథాలయంలో లేదు. నా పేరు మీద ఒక పుస్తకం బహూకరించాలని అనుకున్నప్పుడు నాకు ముందుగా గుర్తుకొచ్చింది మేరీ అడిలైడ్ నట్టింగ్, లావినియా డాక్ కలిసి రాసిన ‘ఎ హిస్టరీ ఆఫ్ నర్సింగ్’. 1907లో న్యూయార్కులో పుట్నమ్స్ సంస్థ అచ్చు వేసిన మొదటి రెండు సంపుటాలకు ఇప్పుడు మన దేశంలో పునర్ముద్రణ ప్రతులు దొరుకుతున్నాయి. వాటిని ఆన్‌లైన్‌లో తెప్పించుకుని మొదటి పుట నుంచి చివరి పుట వరకు చదివి ఈ సమీక్ష రాస్తున్నాను. పుస్తకం గొప్పది, నా చేతికి వచ్చిన ప్రతి మాత్రం ఆ గొప్పతనానికి తగినట్టు లేదు. రెండింటి గురించీ వేరువేరుగా చెప్పాలి.

ముందు పుస్తకం సంగతి. రాసినవారిద్దరూ నర్సులే. నట్టింగ్ కెనడాలో పుట్టి, బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి శిక్షణాలయంలో 1891లో బయటికి వచ్చిన తొలి తరగతి విద్యార్థిని. కొద్ది సంవత్సరాలకే అదే శిక్షణాలయానికి సూపరింటెండెంటు అయింది. డాక్ న్యూయార్కులోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో శిక్షణ పొంది, జాన్స్ హాప్కిన్స్‌లో ఇసబెల్ హాంప్టన్ దగ్గర సహాయ సూపరింటెండెంటుగా పనిచేసింది. బాల్టిమోరులో విద్యార్థినుల కోసం నట్టింగ్ శ్రద్ధగా కూడబెట్టిన పాత పుస్తకాలు, పటాలు, పత్రాలే ఈ చరిత్రకు పునాది. అంటే ఇది ఏ విశ్వవిద్యాలయపు ఆచార్యుడో బయటి నుంచి చూసి రాసిన గ్రంథం కాదు, వార్డులో పడకలు సర్ది, రాత్రి డ్యూటీలు చేసి, ఆ తరువాత పాఠాలు చెప్పిన ఇద్దరు స్త్రీలు తమ పిల్లలకు తమ వంశవృక్షం చూపించాలని రాసుకున్నది. ప్రతి అధ్యాయంలోనూ ఆ మమకారం తెలుస్తూనే ఉంటుంది.

మొదటి సంపుటం ప్రాచీన కాలంతో మొదలవుతుంది. భారతదేశం, సింహళం, ఈజిప్టు, గ్రీసు, రోము వరుసగా వస్తాయి. ఆపైన తొలి క్రైస్తవ కాలపు డీకనెస్సులు (చర్చి తరఫున పేదలకు, రోగులకు సేవ చేసే స్త్రీలు), ఫేబియోలా వంటి రోమను స్త్రీలు, యుద్ధకాలపు సేవాసంఘాలు, సెయింట్ విన్సెంట్ డి పాల్ స్థాపించిన సిస్టర్స్ ఆఫ్ చారిటీ. భారతదేశపు భాగంలో చరకసంహిత ప్రస్తావన ఉంది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనే నాలుగూ చికిత్సకు నాలుగు పాదాలని చరకుడు చెప్పిన మాట, పరిచారకుడికి ఉండవలసిన నాలుగు గుణాలు ఆ పుటల్లో ఇంగ్లీషులో కనిపిస్తాయి. సంస్కృతంలో అవి ఉపచారజ్ఞత, దాక్ష్యం, అనురాగం, శౌచం. నాకు తెలిసిన ఒక మొదటి సంవత్సరం పిల్ల, పల్నాడు వైపు ఊరి నుంచి వచ్చిన అమ్మాయి, ఆ పుట చదివి చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంది. తరువాత, “మేడమ్, మా అమ్మ నన్ను నర్సింగులో చేర్చేటప్పుడు మా పెద్దనాన్న వాళ్లు ఇది మనవాళ్లు చేసే పని కాదన్నారు. ఇంత పాత పుస్తకంలో ఉందా మన పని?” అని అడిగింది. ఆ నాలుగు సంస్కృత పదాలనూ తన ప్రాక్టికల్ రికార్డు మొదటి పుటలో తెలుగు లిపిలో రాసుకుంది. నేను పెట్టిన డబ్బుకు ఆ ఒక్క పుట చాలనిపించింది.

ఈ సంపుటంలో నన్ను ఎక్కువగా నిలబెట్టినది ‘చీకటి కాలం’ అని రచయిత్రులు పేరు పెట్టిన అధ్యాయం. పదిహేడో శతాబ్దం చివరి నుంచి పంతొమ్మిదో శతాబ్దం నడిమి వరకు యూరపు ఆసుపత్రుల్లో రోగి సేవ ఎంత దిగజారిందో అందులో వివరిస్తారు. గాలి చొరబడని వార్డులు, ఒకే పడకలో ఒకరికి మించిన రోగులు, చదువూ విశ్రాంతీ సరైన జీతమూ లేని పనివాళ్లు. ఇంతకూ కారణం ఏమిటన్న ప్రశ్నకు వారిచ్చే జవాబు సూటిగా ఉంటుంది: నర్సింగు నిర్వహణ స్త్రీల చేతుల్లోంచి జారిపోయింది, దానితో సేవ కూడా పడిపోయింది. పుస్తకం మొత్తానికీ ఈ వాదమే వెన్నెముక. చదువు, క్రమశిక్షణ, నియామకం నర్సుల అధీనంలో ఉన్నచోట వృత్తి నిలబడింది, ఇతరుల అధీనంలోకి పోయినచోట కూలింది అని వారు శతాబ్దాల మీదుగా చూపిస్తూ వస్తారు. ఈ వాదంతో నాకు చాలావరకు అంగీకారమే. అయినా కొన్నిచోట్ల వాదం కోసం సాక్ష్యాన్ని కుదించారేమో అన్న శంక కలిగింది. పేదరికం, పెరుగుతున్న పట్నాలు, ఆసుపత్రులకు చాలని డబ్బు, వీటికి దక్కవలసినంత చోటు దక్కలేదు. బడి మొహం చూడకపోయినా తరతరాల అనుభవంతో ఇళ్లలో రోగులను కనిపెట్టుకున్న మామూలు స్త్రీల నేర్పు కూడా ఇందులో అంతగా కనబడదు. మన పల్లెల్లో మంత్రసానుల విషయంలో చదువుకున్న మేమంతా చేసిన పొరపాటు ఇలాంటిదే కనుక, ఆ లోపం నా కంటికి తొందరగా ఆనింది.

రెండో సంపుటం మనకు దగ్గరి కాలానిది, నా దృష్టిలో మరింత విలువైనది. జర్మనీలోని కైసర్స్‌వెర్త్‌లో ఫ్లీడ్నర్ దంపతులు నడిపిన డీకనెస్సుల సంస్థ, అక్కడికి నేర్చుకోవడానికి వెళ్లిన నైటింగేల్, ఆమె చేతి మీదుగా మారిన ఇంగ్లండు ఆసుపత్రులు, ఆ తరువాత అమెరికా. పుస్తకం వెలువడేనాటికి నైటింగేల్ ఇంకా బతికే ఉంది. ఆమె 1910లో కన్నుమూసింది. కనుక ఆమె గురించి చదువుతున్నప్పుడు గోడకు తగిలించిన పటాన్ని చూస్తున్నట్టు ఉండదు. ఇంటిలోని పెద్దావిడ గురించి వింటున్నట్టు ఉంటుంది. నైటింగేల్ శిక్షణ పద్ధతిని అనుసరిస్తూ అమెరికాలో 1873లో న్యూయార్కు, న్యూహేవెన్, బోస్టన్ నగరాల్లో మూడు శిక్షణాలయాలు మొదలయ్యాయి. వాటిలో మొదటిదైన బెల్‌వ్యూలో రాత్రి సూపరింటెండెంటుగా పనిచేసిన లిండా రిచర్డ్స్ రోగి పరిస్థితిని విడివిడిగా రాసిపెట్టే అలవాటును నెలకొల్పింది. ఇవాళ మన వార్డుల్లో షిఫ్టు మారేటప్పుడు నర్సెస్ నోట్స్ చూసి ఒప్పజెప్పుకునే ప్రతి సిస్టరూ ఆ అలవాటునే పాటిస్తోంది. పిల్లలు విసుక్కుంటూ రాసే నోట్సుకు ఇంతటి పుట్టుక ఉందని తెలిస్తే చేతిరాత కాస్త మెరుగుపడుతుందని నా ఆశ.

ఈ గ్రంథం విలువ సరిగా అర్థం కావాలంటే అది పుట్టిన కాలంలో నర్సుల చేతిలో ఎన్ని పుస్తకాలు ఉండేవో తెలియాలి. తొలి శిక్షణాలయాల్లో పాఠం అంటే ఎక్కువగా వైద్యులు తమకు తీరిక దొరికినప్పుడు వచ్చి చెప్పే ఉపన్యాసమే. పగలంతా వార్డులో నిలబడిన పిల్లలు రాత్రి నిద్రమత్తులో వాటిని రాసుకునేవారు. నర్సు రాసిన పాఠ్యపుస్తకంగా క్లారా వీక్స్ పుస్తకం 1885లో వచ్చింది. మందుల పాఠం పిల్లలకు ఎంత కష్టంగా ఉందో కళ్లారా చూసిన డాక్, 1890లో నర్సుల కోసమే మెటీరియా మెడికా పుస్తకం రాసింది. హాంప్టన్ పాఠ్యగ్రంథం 1893లో సిద్ధమైంది. వివాహానంతరం ఇసబెల్ హాంప్టన్ రాబ్‌గా మారిన ఆమే 1900లో నర్సింగ్ నీతిశాస్త్రం మీద మరో పుస్తకం రాసింది. అదే సంవత్సరం అక్టోబరులో సోఫియా పామర్ సంపాదకత్వంలో ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ నర్సింగ్’ మొదలయ్యింది. నర్సులూ, పూర్వ విద్యార్థినుల సంఘాలూ వాటాలు కొని నిలబెట్టుకున్న పత్రిక అది. విదేశాల వార్తల విభాగాన్ని డాక్ చూసేది. 1899లో పుట్టిన అంతర్జాతీయ నర్సుల మండలికి కూడా ఆమే కార్యదర్శి కావడంతో, ఏ దేశంలో ఏ చట్టం వచ్చిందో, ఏ స్కూలు తెరిచారో ఆమె బల్ల మీదకు వచ్చి చేరేది. అలా పదిహేనేళ్లలోపు పాఠ్యపుస్తకం, నీతిగ్రంథం, పత్రిక, సంఘం అన్నీ సమకూరాక, చివరికి చరిత్ర రాసుకోవడానికి కూర్చున్నారు.

ఆ వరుసను నేను ఊరికే చెప్పడం లేదు. వృత్తి అంటే ఏమిటి అన్న ప్రశ్నకు వారు చేతలతో ఇచ్చిన జవాబు అందులో ఉంది. నర్సుకు ఇంత చదువెందుకు, చెప్పిన పని చేస్తే చాలదా అని ఆనాడు గట్టిగా వాదించిన వైద్యులు ఉండేవారు, ఇప్పుడూ లేకపోలేదు. దానికి నట్టింగ్ లెక్కలతో సమాధానం చెప్పింది. విద్యార్థినుల చేత ఎన్ని గంటలు పని చేయిస్తున్నారో విచారించి, జాన్స్ హాప్కిన్స్‌లో మూడేళ్ల చదువును, ఎనిమిది గంటల పనిదినాన్ని ప్రవేశపెట్టించింది. అది పంతొమ్మిదో శతాబ్దం ఇంకా ముగియకముందే జరిగింది. శిక్షణలో ఉన్న రోజుల్లో నేను ఒక ఆసుపత్రిలో నెల రోజులపాటు వరుసగా పన్నెండు గంటల రాత్రి డ్యూటీ చేసి, పొద్దున్నే స్నానం చేసి క్లాసులో కూర్చుని, అనాటమీ పాఠం మధ్యలో బెంచీ మీద తల వాల్చి నిద్రపోయి తిట్లు తిన్నాను. నట్టింగ్ సంగతి నాకు ఆనాడు ఎవరైనా చెప్పి ఉంటే, అలసట నా తప్పు కాదని, దాని గురించి మాట్లాడటం వృత్తిధర్మంలో భాగమేనని తెలిసేది. 1907లో, అంటే ఈ పుస్తకం వచ్చిన ఏడాదే, ఆమె కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో ఆచార్యపదవి పొందింది. ప్రపంచంలో ఒక నర్సుకు అలాంటి పదవి దక్కడం అదే మొదటిసారి. డాక్ స్త్రీల ఓటుహక్కు పోరాటంలోకి దిగి జైలుకు కూడా వెళ్లింది. ఇద్దరి స్వభావాలూ పుస్తకంలో కలిసి నడుస్తాయి. ఓపికగా ఆధారాలు పేర్చే పుటల పక్కనే నిప్పులాంటి పుటలు ఉంటాయి. ఏది ఎవరి రచనో పట్టుకోవడం చదువరికి ఒక సరదా.

మన దేశానికి ఆ గాలి త్వరగానే వీచింది. భారత శిక్షిత నర్సుల సంఘం 1908లో ఏర్పడింది. దాని పత్రిక ‘నర్సింగ్ జర్నల్ ఆఫ్ ఇండియా’ 1910 ఫిబ్రవరిలో మొదలైంది. వెల్లూరులో ఐడా స్కడ్డర్ 1909లో నర్సింగ్ స్కూలు తెరిచింది. మా గుంటూరులో అమెరికా లూథరన్ మిషను డాక్టరు అన్నా కుగ్లర్ నెలకొల్పిన ఆసుపత్రి 1898 నాటిది. ఊళ్లో పెద్దవాళ్లకు అది ఇప్పటికీ కుగ్లర్ ఆసుపత్రే. మద్రాసు ప్రెసిడెన్సీలో నర్సులు, మంత్రసానుల రిజిస్ట్రేషన్ చట్టం 1926లో వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే కాబట్టి ఇది మన చరిత్ర కూడా. అయితే ఈ విషయాల కోసం ఈ రెండు సంపుటాలనూ తిరగేయకండి. ఇవి 1907 దగ్గర ఆగిపోతాయి. ఆధునిక కాలాన్ని దేశాలవారీగా చెప్పే మూడు, నాలుగు సంపుటాలు డాక్ సంపాదకత్వంలో 1912లో వచ్చాయి, విడిగా అమ్ముతున్నారు. అలాగే 1879లో బోస్టన్‌లో శిక్షణ పూర్తిచేసిన తొలి నల్లజాతి నర్సు మేరీ ఎలైజా మహోనీ గురించి, ఆమె తరం ఎదుర్కొన్న వివక్ష గురించి తెలుసుకోవాలంటే తరువాతి కాలపు పుస్తకాలకే వెళ్లాలి.

ఇక నా చేతికి వచ్చిన ప్రతి గురించి. రెండు సంపుటాలకు, రవాణా ఖర్చుతో కలిపి, 2,340 రూపాయలు తీసుకున్నారు. ఆర్డరు వచ్చాకే అచ్చు వేసే పద్ధతి కావడంతో పన్నెండు రోజులు పట్టింది. గట్టి అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు. బయటికి చూస్తే పెళ్లికి కట్నంగా ఇవ్వదగ్గంత ముచ్చటగా ఉన్నాయి. లోపల కుట్టు లేదు, గమ్ముతో అంటించిన బైండింగు. మొదటి సంపుటం మూడోసారి తెరిచేసరికి నడుమ టప్పున విరిగి, ఎనిమిది కాగితాలు చేతిలోకి వచ్చాయి. రోజుకు ఇరవై మంది పిల్లలు తిరగేసే గ్రంథాలయంలో ఇది ఏడాది కూడా నిలవదు.

అంతకంటే పెద్ద తప్పు అచ్చులో ఉంది. పాత ప్రతిని స్కాన్ చేసి, ఎవరూ కళ్లతో చూడకుండా, ఉన్నదున్నట్టు అచ్చు వేశారు. మొదటి సంపుటంలో రెండు పుటలు రెండేసిసార్లు పడ్డాయి. ఆ చోట ఉండవలసిన పుటలు మాయమయ్యాయి. ఒక పుట అడుగున స్కాన్ చేసిన మనిషి బొటనవేలు, గోరుతో సహా, నల్లగా అచ్చయి ఒక అధస్సూచిని పూర్తిగా కప్పేసింది. ఈ గ్రంథానికి అధస్సూచికలే ప్రాణం. ఏ మాటకు ఏది ఆధారమో వారు అక్కడే చెబుతారు. లోపలి అంచు చాలక కొన్నిచోట్ల వాక్యాల మొదటి అక్షరాలు బైండింగులోకి వెళ్లిపోయాయి. బొమ్మల మాట చెప్పనక్కర్లేదు: పాత ఆసుపత్రి వార్డులు, నర్సుల దుస్తులు చూపే పటాలన్నీ మసిబొగ్గు పూసినట్టున్నాయి. నర్సు టోపీ ఆకారం ఎలా ఉండేదో పిల్లలకు చూపిద్దామని ఎంతో అనుకున్నాను. ముఖమేదో టోపీ ఏదో తెలియలేదు.

ఫిర్యాదు చేశాను. అమ్మినవారు మర్యాదగానే మాట్లాడి, ఒక్క పైసా అడగకుండా వారంలో ఇంకో ప్రతి పంపారు. ఆ మర్యాదకు కృతజ్ఞతలు చెప్పాలి. కానీ కొత్త ప్రతిలోనూ అవే పుటలు లేవు, అదే వేలు ఉంది. తప్పు స్కానులో ఉన్నప్పుడు ఎన్ని ప్రతులు మార్చినా అదే తప్పు వస్తుందన్న సంగతి నాకు అప్పుడు గాని వెలగలేదు. కొనేవారు ఇది బాగా గుర్తు పెట్టుకోవాలి. బైండింగు ఊడితే ప్రతి మార్పించుకోండి. పుటలు పోతే మార్పిడి వల్ల ప్రయోజనం లేదు, డబ్బు వాపసు అడగాలి.

నేను వాపసు అడగలేదు. ఈ సంపుటాలకు కాపీరైటు ఎప్పుడో ముగిసింది కనుక ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మంచి స్కాన్లు ఉచితంగానే దొరుకుతాయి. అందులోంచి లేని పుటలను, వేలు పడిన పుటను దించుకుని, జిరాక్సు షాపులో మంచి కాగితం మీద అచ్చు తీయించి, మైదా జిగురు ఉడికించి వాటి వాటి చోట్లలో అతికించాను. విడిపోయిన కాగితాలతో పాటు రెండు సంపుటాలనూ బ్రాడీపేటలో లెడ్జర్లు కుట్టే ఒక పెద్దాయన దగ్గరకు తీసుకెళ్తే, గమ్ము గీకేసి, దారంతో కుట్టి, వీపుకు ఖాదీగుడ్డ వేసి ఇచ్చాడు. దానికి 600 రూపాయలు అయ్యింది. ఇప్పుడు బల్ల మీద పెడితే పుస్తకం తెరిచినచోట తెరిచినట్టే ఉంటుంది.

ఒంటరిగా చదువుకునేవారికి, చిన్న తెర మీద చదవడం అలవాటైనవారికి ఉచిత స్కానే మేలు. పటాలు కూడా అందులోనే స్పష్టంగా కనిపిస్తాయి. నర్సింగ్ స్కూళ్లు, కాలేజీల గ్రంథాలయాలకు మాత్రం కాగితం మీద పుస్తకం ఉండాలని నా గట్టి అభిప్రాయం. మా పిల్లల్లో చాలామందికి ఫోను ఉంటుంది, కానీ సుమారు వెయ్యి పుటల ఇంగ్లీషు గ్రంథాన్ని అందులో చదివే తీరిక ఉండదు. హాస్టల్లో పక్కపక్కన కూర్చుని, ఒకరికి తెలియని మాట ఇంకొకరు చెబుతూ చదివితేనే ముందుకు సాగుతుంది. భాష పాతకాలపుది, వాక్యాలు పొడవైనవి. ట్యూటరు ఒకరు దగ్గరుండి వారానికి ఒక అధ్యాయం చొప్పున తెలుగులో విప్పి చెబితే మొదటి సంవత్సరం వారికి కూడా అందుతుంది. నేను ఇప్పుడు శనివారాలు మధ్యాహ్నం ఆ పనే చేస్తున్నాను. చీకటి కాలం దాకా వచ్చాం.

మూడు, నాలుగు సంపుటాలు కూడా తెప్పిద్దామని పిల్లలు అడుగుతున్నారు. ఈసారి డబ్బు కట్టకముందే, లోపలి పుటల ఫోటోలు ఇరవై పంపమని, వాటిలో పటాలున్నవి కనీసం అయిదు ఉండాలని, మూడు చోట్ల వరుస పుటల సంఖ్యలు కనిపించాలని అమ్మకందారుకు రాశాను. జవాబు వచ్చాక ఆర్డరు సంగతి చూస్తాను.